ఈకోర్ట్స్ యాప్‌తో హత్య కేసు ఆచూకీ: ఎంతదాకా దారి చూపుతుంది, ఎక్కడ చెయ్యి వదిలేస్తుంది

పేపర్లో మొదటి పేజీకెక్కిన హత్య కేసు ఆర్నెల్లు తిరిగేసరికి జిల్లా ఎడిషన్లోకి జారిపోతుంది, ఆ తర్వాత అయిపూ అజా ఉండదు. కోర్టులో మాత్రం వాయిదా మీద వాయిదాగా నడుస్తూనే ఉంటుంది. అదిప్పుడు ఏ దశలో ఉందో పైసా ఖర్చు లేకుండా చూపించేది ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్. సుప్రీంకోర్టు ఈ-కమిటీ కోసం ఎన్ఐసి (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) చేసిన ఈ యాప్‌లో జిల్లా కోర్టులు, హైకోర్టులు ఉన్నాయి. పొలం గట్టు దావాకైతే వంక పెట్టడానికి లేదు. హత్య కేసుతోనే చిక్కు. అది మూడు నాలుగు చోట్ల నంబరు మార్చుకుంటుంది, మారిన ప్రతిచోటా యాప్ చెయ్యి వదిలేస్తుంది.

చాలామంది మొదట చేసే పొరపాటు చనిపోయినవాళ్ల పేరుతో వెతకడం. క్రిమినల్ కేసులో ఒకవైపు ప్రభుత్వం, రెండోవైపు ముద్దాయి. హతుల పేరు కేసు పేరులో ఉండదు. ఢిల్లీలో కాల్పులకు బలైన మోడల్ జెస్సికా లాల్ పేరుతో దేశమంతా పిలిచిన కేసే చూడండి. పార్టీ పేరు గడిలో ఆమె పేరు కొడితే ఆ కేసు రాదు. ముద్దాయిని అందరూ మను శర్మ అన్నారు గానీ రికార్డుల్లో అసలు పేరు సిద్ధార్థ వశిష్ఠ్. పైగా శిక్ష కోసం హైకోర్టుకెళ్లింది ప్రభుత్వం కాబట్టి అక్కడ ప్రభుత్వం పేరు ముందుంటుంది. సుప్రీంకోర్టుకెళ్లింది ముద్దాయి కాబట్టి అక్కడ అతని పేరు ముందుకొచ్చింది.

మన పేర్లతో ఇంకో తంటా ఉంది. వెతుకులాట ఇంగ్లిష్ అక్షరాల్లో. వెంకటేశ్వర్లు అన్న పేరును ఒక గుమస్తా 'హెచ్' పెట్టి ఎక్కిస్తాడు, ఇంకొకరు పెట్టరు. ఇంటిపేరు ముందా వెనకా అన్నదానికీ లెక్క లేదు. ముద్దాయిలు పదిమంది ఉంటే జాబితాలో కనపడేది సాధారణంగా ఎ-1, అంటే మొదటి ముద్దాయి పేరొక్కటే, మిగతావాళ్లంతా 'ఇతరులు'.

కాబట్టి పట్టుకోవాల్సింది ఎఫ్ఐఆర్ నంబరు, మన స్టేషన్లలో క్రైమ్ నంబరు అనేదాన్ని. కేసు ఎన్ని కోర్టులు మారినా మారనిది అదొక్కటే. కేస్ స్టేటస్‌లోకి వెళ్లి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని ఎఫ్ఐఆర్ ట్యాబ్ తెరవండి. పోలీసు స్టేషన్, నంబరు, సంవత్సరం ఇచ్చి పెండింగ్‌లో ఒకసారి, డిస్పోజ్డ్‌లో (ఆ కోర్టులో ముగిసినవి) ఒకసారి వెతకండి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. ఎందుకు చూడాలో కింద చెప్తాం. జిల్లా దగ్గర కూడా జాగ్రత్త. ఆంధ్రలో 2022లో రెవెన్యూ జిల్లాలు 26 అయినా కోర్టుల లెక్క వేరు. బాపట్ల కేసు దొరక్కపోతే గుంటూరు కింద చూడండి.

ఏమీ రాలేదంటే కేసు లేదని కాదు. హత్య కేసులో ముద్దాయి రిమాండులో ఉంటే చార్జిషీటుకు పోలీసులకు 90 రోజుల గడువు ఉంటుంది, అది దాటితే బెయిలు హక్కు వచ్చేస్తుంది. ఆ మూడు నెలలూ యాప్‌లో కనిపించేవి మహా అయితే బెయిలు పిటిషన్లు. అవి క్రిమినల్ ఎంపీలు, అంటే మిసలేనియస్ పిటిషన్లు, వాటి నంబర్లు వేరు. అందులో 'డిస్మిస్డ్' అని ఉంటే కొట్టేసింది బెయిలు పిటిషన్ని, కేసును కాదు.

ఇప్పుడు అసలు గండం. మన రెండు రాష్ట్రాల్లో చార్జిషీటు ముందు మేజిస్ట్రేటు కోర్టులో పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరుతో ఎక్కుతుంది. హత్యను విచారించేది సెషన్స్ కోర్టు కాబట్టి మేజిస్ట్రేటు ముద్దాయికి కాగితాల నకళ్లిచ్చి కేసును అక్కడికి కమిట్ చేస్తారు, అంటే అప్పగిస్తారు. ఆ రోజుతో పీఆర్సీ 'డిస్పోజ్డ్' అయిపోతుంది. కేసు కొట్టేశారంటూ వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాట్లలో ఈ బాపతు తరచూ ఉంటాయి. నిజానికి అదే కేసు ఎస్సీ, అంటే సెషన్స్ కేసు నంబరుతో మళ్లీ పుడుతుంది, సీఎన్ఆర్ కూడా కొత్తదే. సీఎన్ఆర్ అంటే 16 అక్షరాల గుర్తు: మొదటి నాలుగు రాష్ట్రం, జిల్లా, తర్వాతి రెండు కోర్టు, ఆపై ఆరంకెల వరుస సంఖ్య, చివర నాలుగంకెల సంవత్సరం. పాత సీఎన్ఆర్‌ను 'మై కేసెస్'లో దాచుకుని కూర్చుంటే ఎన్నేళ్లయినా అది ఆ కమిటల్ దగ్గరే నిలబడి ఉంటుంది. సెషన్స్ కోర్టున్న కాంప్లెక్స్‌ను ఎంచుకుని అదే క్రైమ్ నంబరుతో మళ్లీ వెతికి, కొత్తదాన్ని దాచుకోవాలి. ముద్దాయిల్లో ఒకడు పరారీలో ఉంటే వాడి కేసు విడగొట్టి ఇంకో నంబరు ఇస్తారు. రెండూ పెట్టుకోండి.

దొరికాక చదవాల్సింది పైనున్న 'నెక్స్ట్ డేట్' కాదు, కింద కేస్ హిస్టరీలోని తేదీలు. ఒక్కో తేదీ నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో రెండు ముక్కల్లో ఉంటుంది: పీడబ్ల్యూ-3 (ప్రాసిక్యూషన్ మూడో సాక్షి) ఛీఫ్, అంటే పిలిచినవాళ్ల తరఫు విచారణ అయింది, క్రాస్, అంటే ఎదుటి వకీలు ప్రశ్నలు వాయిదా, సమన్లు అందలేదు, ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారంటు) పెండింగ్. వరుసగా ఐదారు వాయిదాలు చదివితే కేసు ఎక్కడ ఇరుక్కుందో తెలిసిపోతుంది. ఒకే సాక్షి క్రాస్ పదేపదే వాయిదా పడుతుంటే అనుమానించాల్సిందే. ఛీఫ్‌కు, క్రాస్‌కు మధ్య ఎడం పెరిగినకొద్దీ సాక్షి ఎదురు తిరగడానికి సందు దొరుకుతుంది.

యాప్‌లోని తేదీని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. దాన్ని ఎక్కించేది కోర్టు సిబ్బంది, అదీ బెంచి పని అయ్యాక. సాయంత్రానికి రాకపోతే మర్నాడు వస్తుంది. సాక్షిగా హాజరు కావాల్సినవాళ్లు వకీలునో కానిస్టేబులునో కూడా అడిగి తీరాలి. తీర్పు పీడీఎఫ్ దించుకోవచ్చు గానీ అది సర్టిఫైడ్ కాపీ కాదు. సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకు 60 రోజుల్లో వెళ్లాలి, ఉరిశిక్షయితే 30 రోజుల్లో. నకలు తయారవడానికి పట్టిన రోజులు ఈ గడువులోంచి తీసేస్తారు. తీర్పు రోజే కాపీ అర్జీ పెట్టడం అందుకే.

హైకోర్టుకు యాప్‌లో విడిగా మీట ఉంది, అక్కడ మళ్లీ కొత్త నంబరు. 2019 జనవరికి ముందు వేసిన అప్పీలయితే హైదరాబాద్, అమరావతి రెండుచోట్లా వెతకాలి. సుప్రీంకోర్టు ఈ యాప్‌లో లేనేలేదు, దాని సొంత సైటుకు వెళ్లాల్సిందే. ఒక నేరం మూడు కోర్టుల ప్రయాణాన్ని ఒకే తెరమీద చూపించే ఏర్పాటు లేకపోవడం ఈ సర్వీసుకున్న అన్నిటికంటే పెద్ద లోటు.

పాత కేసులకు యాప్ కంటే ఈ-ఎస్సీఆర్ మేలు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మొదలుపెట్టిన ఉచిత తీర్పుల భాండాగారం ఇది. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి, కానీ లెక్కలోకి వచ్చేది ఇంగ్లిష్ ప్రతే. అందులో 2010 ఏప్రిల్ 19 నాటి సిద్ధార్థ వశిష్ఠ్ తీర్పు తెరవండి. ట్రయల్ కోర్టు 2006 ఫిబ్రవరి 21న వదిలేసిన మనిషికి అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం ఎలా వేసిందో, అదెందుకు నిలబడిందో సాక్షి సాక్షిగా ఉంటుంది. సాక్షులు వందమందికి పైనే. పేర్ల కంటే పీడబ్ల్యూ నంబర్లే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి పక్కన కాగితం పెట్టుకుని ఎవరు ఏ నంబరో రాసుకుంటే గానీ పది పేజీలు సాగవు. ముఖ్యంగా పీడబ్ల్యూ-2. అతని వాంగ్మూలమే ఎఫ్ఐఆర్. తీరా బోనెక్కాక, నేను ఇంగ్లిష్‌లో చెప్తే పోలీసులు హిందీలో రాసుకున్నారు, నాకు హిందీ చదవడం రాదన్నాడు. కాల్చింది ఇద్దరన్నాడు. దొరికిన రెండు .22 ఖాళీ తూటాలు ఒకే పిస్టల్‌వా కాదా అన్న వాదన ఇక్కణ్నుంచే ఊపందుకుంది. మొదట చదవాల్సినవి ఈ భాగాలే. ఫోన్‌లో పోలీసులకు అందిన పొడిపొడి సమాచారం ఎఫ్ఐఆర్ అవదని తేల్చినచోటు కూడా వదలొద్దు.

ఈ-ఎస్సీఆర్‌లో కథ అక్కడితో ఆగిపోతుంది. 2020 జూన్‌లో సిద్ధార్థ వశిష్ఠ్ తీహార్ నుంచి విడుదలయ్యాడు. శిక్షల సమీక్షా బోర్డు సిఫారసును ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ ఒప్పుకున్నారు. అది కోర్టు ఉత్తర్వు కాదు, ప్రభుత్వ ఫైలు. అలాంటి విడుదలను కేస్ హిస్టరీలో ఎంత వెతికినా ఫలితం ఉండదు.