పిల్లికూనా, ఫోస్టర్ ఇంట్లోని పెద్ద పిల్లా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉండే మనవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, పిల్లిని పెంచుకుందామనుకుంటున్నాం. చిన్న కూననే తెచ్చుకోవాలి కదా? పెద్దదైతే మచ్చికవుతుందా?" ఈమధ్యే మేం ఒక ఫోస్టర్ ఇంటి నుంచి (దిక్కులేని పిల్లులను దత్తత కుదిరేదాకా తమ దగ్గర ఉంచుకునేవాళ్ళ ఇల్లు) నాలుగేళ్ళ ఆడ పిల్లిని తెచ్చుకున్నప్పటి నుంచి ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. తిండి, లిట్టర్ (పిల్లి మలమూత్రాలకు పెట్టెలో పోసే మట్టి), బాల్కనీకి నెట్ లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు మచ్చిక సంగతి. మనుషులంటే భయమా, చనువా అన్నది పిల్లికి చాలావరకు పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపలే ఏర్పడుతుంది. తల్లి దగ్గర కనీసం 8 వారాలు ఉంచాకే కూనను ఇవ్వాలి కాబట్టి, మీరు రెండు మూడు నెలల కూనను ఇంటికి తెచ్చేసరికి ఆ దశ దాటిపోయే ఉంటుంది. అంటే "చిన్నప్పటి నుంచి మన చేతుల్లో పెరుగుతుంది" అని మనం అనుకునే ఆ చిన్నతనం అప్పటికే వేరేచోట గడిచిపోయింది. పైగా ఆ వయసులో ఏ కూనైనా ఒకేలా ఉంటుంది. ఆడుతుంది, కరుస్తుంది, ఒళ్ళో పడి నిద్రపోతుంది. అది పెద్దయ్యాక ఒళ్ళో కూర్చునే రకమా, ఆమడ దూరం నుంచి చూసే రకమా అన్నది ఎవరూ చెప్పలేరు. పిల్లి గుణం నిలకడగా తెలిసేది ఏడాదిన్నర, రెండేళ్ళు నిండాకే.

నా లెక్కలో అసలు తేల్చేది ఇదే. పెద్ద పిల్లి ఎలాంటిదో తెలుస్తుంది. అదీ ఫోస్టర్ ఇంట్లో ఉన్న పిల్లి అయితే, ఒక మామూలు ఇంట్లో, మనుషుల మధ్య, రోజూ ఎలా ఉంటుందో కళ్ళారా చూసినవాళ్ళు ఒకరు ఉంటారు. షెల్టర్‌లో బోనులో ఉన్న పిల్లిని చూస్తే అది తెలియదు. పక్కన కుక్కల అరుపులు, కొత్త వాసనలు, రోజూ మారే మనుషులు. అక్కడ ముడుచుకుని మూలన కూర్చున్న పిల్లే ఇంటికొచ్చాక వెనకాలే తిరుగుతుండవచ్చు.

మా పిల్లి కగ్గదాసపురలో ఒక చిన్న ఇంట్లో ఉండేది. ఫోస్టర్ చేస్తున్నావిడది అనంతపురం. మేం వెళ్ళేసరికి అది ఫ్రిజ్ మీద కూర్చుని ఉంది. మా ఆయన చెయ్యి చాచబోతే ఆవిడ వారించారు. "దించకండి. మీరు మామూలుగా మాట్లాడుతూ ఉండండి, దానంతట అదే వస్తుంది." కాఫీ సగం తాగేసరికి దిగింది. ముందు మా చెప్పులు వాసన చూసింది, తర్వాత నా చున్నీ. ఈలోపు ఆవిడ దాని సంగతులన్నీ చెప్పుకొచ్చారు. మిక్సీ వేస్తే బాత్రూంలోకి పరుగెడుతుందట, కుక్కర్ విజిల్‌ను మాత్రం అసలు పట్టించుకోదట. చెవుల వెనక గోకితే ఎంతసేపైనా కదలదు, కడుపు మీద చెయ్యి వేస్తే గీరుతుంది. నీళ్ళ గిన్నె తిండి గిన్నె పక్కనే పెడితే తాగదు, దూరంగా పెట్టాలి. ఇంకో పిల్లిని ఓర్చుకుంటుంది కానీ లిట్టర్ బాక్స్ పంచుకోదు. ఇంత వివరం ఏ కూన గురించి ఎవరు చెప్పగలరు? మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, ఇంకో పిల్లీ లేదు, పొద్దున చట్నీకి మిక్సీ మాత్రం తప్పదు. ఇప్పుడు మిక్సీ వేసే ముందు బెడ్‌రూం తలుపు తీసి ఉంచుతాం, అది వెళ్ళి మంచం కింద కూర్చుంటుంది. అంతే సర్దుబాటు.

కాబట్టి ఫోస్టర్ ఇంటికి వెళ్ళినప్పుడు అందంగా ఉందా, ఏ రంగు అన్నది పక్కన పెట్టండి. పిల్లలతో ఎలా ఉంటుంది, ఒంటరిగా వదిలితే అరుస్తుందా, లిట్టర్ బయట ఎప్పుడైనా పోసిందా, ఎప్పుడు, ఎందుకు, గోళ్ళు కత్తిరించనిస్తుందా, క్యారియర్‌లో (పిల్లిని మోసుకెళ్ళే బుట్ట) ఎక్కుతుందా అని అడగండి. ముఖ్యంగా "దీన్ని ఎలాంటి ఇంటికి ఇవ్వరు?" అని అడగండి. మనసుపెట్టి పెంచిన ఫోస్టర్ దీనికి వెంటనే జవాబు చెబుతారు. అన్నీ మంచే చెబితే మరోసారి వెళ్ళి చూడండి, ఈసారి తిండి పెట్టే వేళకు.

ఇక మన జీవితాల సంగతి. భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రావడానికీ పోవడానికీ గంటలు పోయేవాళ్ళు, కూనను ఒక్కదాన్నే ఇంట్లో పెట్టి వెళ్తే దానికి నరకం. దానికి రోజుకు మూడు నాలుగుసార్లు తిండి కావాలి, ఆడుకోవడానికి తోడు కావాలి. తోడు లేకపోతే మీ చేతులు, కాళ్ళు, కర్టెన్లు దాని ఆటవస్తువులవుతాయి. పెద్ద పిల్లి రోజులో 12 నుంచి 16 గంటలు నిద్రే పోతుంది. రెండు పూటలా తింటుంది. తెల్లవారుజామున, సాయంత్రం చురుగ్గా ఉంటుంది. అంటే మీరు ఇంట్లో ఉండే వేళలే.

దానికితోడు మనం ఊరెళ్ళకుండా ఉండం. సంక్రాంతికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో మనకే టికెట్ దొరకడం గగనం, పిల్లిని ఎక్కడ తీసుకెళ్తాం? పెద్ద పిల్లి అయితే తనకు అలవాటైన ఇంట్లోనే ఉండనిచ్చి, తెలిసినవాళ్ళు రోజుకు రెండుసార్లు వచ్చి తిండి పెట్టి, లిట్టర్ తీసి, కాసేపు కూర్చుని వెళ్తే సరిపోతుంది. మూడు నెలల కూనను అలా వదలలేం. పండక్కి ఊరెళ్ళే అలవాటున్న ఇంటికి ఈ ఒక్క కారణమే చాలంటాను.

ఆరోగ్యం దగ్గర కూడా తేడా ఉంది. కూనకు 6-8 వారాల వయసులో ట్రైక్యాట్ (మూడు వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా) మొదలుపెట్టి, 16 వారాలు దాటేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. 12 వారాలు దాటాక రేబిస్. నులిపురుగుల మందు అదనం. ఆ టీకాలు పూర్తికాకముందే ప్యాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు సోకితే కూనలు బతకడం చాలా కష్టం. తర్వాత పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆడ కూన నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు కాబట్టి దాన్ని వాయిదా వేయడానికి లేదు. ఫోస్టర్ నుంచి వచ్చే పెద్ద పిల్లికి సాధారణంగా ఆపరేషన్, టీకాలు అయిపోయి ఉంటాయి. మీరు చూడాల్సింది టీకా పుస్తకం, ఎఫ్‌ఐవి, ఎఫ్‌ఇఎల్‌వి (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌లు) రక్తపరీక్ష చేయించారా అన్నది, పళ్ళు. పళ్ళు తప్పకుండా చూపించుకోండి, వీధిలో బతికొచ్చిన పిల్లులకు చిగుళ్ళ జబ్బు మామూలే. హెబ్బాళ్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళినా సరే, దగ్గర్లో పిల్లుల్ని బాగా చూసే ప్రైవేటు డాక్టర్ అయినా సరే, మొదటి నెలలోనే ఒకసారి చూపించండి.

"నాలుగేళ్ళదంటే ఇంకెన్నాళ్ళు ఉంటుంది?" అని మా అత్తయ్య కడప నుంచి ఫోన్‌లో అడిగారు. ఇంట్లోనే ఉండే పిల్లి పన్నెండు పదిహేనేళ్ళు బతకడం మామూలే, ఇంకా ఎక్కువ బతికేవీ ఉన్నాయి. నాలుగేళ్ళ పిల్లి అంటే మనిషి వయసులో ముప్పై దాటినట్టు. దాని ముందు బోలెడు జీవితం ఉంది. శకునం గురించి పెద్దవాళ్ళు ఏమైనా అంటే వాదించకండి. పిల్లి ఇంట్లో నాలుగు రోజులు తిరిగితే వాళ్ళే పేరు పెట్టి పిలుస్తారు. గర్భిణి ఉన్న ఇంట్లో మాత్రం వాళ్ళ భయాన్ని కొట్టిపారేయొద్దు. కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా క్రిమి పిల్లి మలంలో వచ్చాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. లిట్టర్ రోజూ, ఇంట్లో ఇంకెవరైనా తీస్తే, పిల్లికి పచ్చి మాంసం పెట్టకుండా బయటికి వదలకుండా ఉంటే, ప్రమాదం చాలా తక్కువ.

కూనే మేలు అనిపించే ఇళ్ళు లేకపోలేదు. మీ ఇంట్లో ఇప్పటికే పెద్ద పిల్లి ఉంటే, అది కొత్త పెద్ద పిల్లి కంటే కూనను తొందరగా ఒప్పుకునే అవకాశం ఎక్కువ. రోజంతా ఇంట్లో ఎవరైనా ఉండి, ఒకటి కాదు, కలిసి పుట్టిన రెండు కూనల్ని తీసుకోగలిగితే అది కూడా మంచి పనే. రెండూ ఒకదానితో ఒకటి ఆడుకుంటూ కరవడంలో హద్దులు నేర్చుకుంటాయి. ఇంట్లో మూడు నాలుగేళ్ళ పిల్లవాడు ఉంటే మాత్రం నేను కూనకు ఒప్పుకోను. గట్టిగా పట్టుకుంటే కూన ఎముకలు విరుగుతాయి. పెద్ద పిల్లి అయితే తప్పించుకుని ఎత్తు మీదికి ఎక్కేస్తుంది.

షాపులో పర్షియన్ జాతి పిల్లిని కొనడం గురించి ఎక్కువ చెప్పను. ముక్కు చప్పిడిగా ఉన్నవాటికి ఊపిరి, కళ్ళ ఇబ్బందులు, వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు, రోజూ దువ్వాల్సిన జుట్టు. అయినా కొనాలనే ఉంటే 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం ఆ షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉందా అని ముందు అడగండి. అపార్ట్‌మెంట్ కింద తిరిగే పిల్లిని నేరుగా ఇంట్లోకి తెచ్చుకోవడం కూడా కుదురుతుంది, అది ఇప్పటికే మీ కాళ్ళకు రాసుకునే రకమైతేనే.

పెద్ద పిల్లి విషయంలో ఒక్కటే కష్టం, మొదటి రోజులు. మంచం కింద దూరి రెండు మూడు రోజులు బయటికి రాకపోవచ్చు. లాగకండి. ఒకే గదిలో తిండి, నీళ్ళు, లిట్టర్, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టి తలుపు దగ్గరగా వేయండి. ఫోస్టర్ ఇంట్లో అది పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి, అక్కడ తిన్న బ్రాండ్ తిండే కొన్నాళ్ళు పెట్టండి. ఒక రోజు గడిచినా ఏమీ తినకపోతే మాత్రం డాక్టర్‌కు ఫోన్ చేయండి. పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్నది, రోజుల తరబడి తినకపోతే లివర్ దెబ్బతింటుంది. కుదురుకోవడానికి మూడు రోజులు, ఇంటి తీరు నేర్చుకోవడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు అని రెస్క్యూ చేసేవాళ్ళు చెబుతుంటారు. మా ఇంట్లో సుమారుగా అలాగే జరిగింది. మూడో వారంలో ఒళ్ళోకి రాకపోతే "ఇది మనల్ని ఇష్టపడలేదు" అని తిరిగి ఇచ్చేసేవాళ్ళను చూశాను. అప్పుడే తొందరపడకూడదు.

అయినా ధైర్యం చాలకపోతే, దత్తత కాగితం మీద సంతకం పెట్టే ముందు కొన్ని వారాలు మీ ఇంట్లో ఫోస్టర్‌గా ఉంచుకుంటామని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. నెట్ వేయించిన బాల్కనీ ఫొటో, ఇంటి ఓనర్ ఒప్పుకున్నట్టు మెసేజ్ ముందే పంపితే మాట ఇంకా తేలికవుతుంది. నెట్ అంటే పావురాల కోసం వేసే పల్చటి నైలాన్‌ది కాదు. దాన్ని పిల్లి కొరికేస్తుంది, గట్టిదే వేయించండి.