బీఎస్-6 డీజిల్: జనరేటర్లకీ క్వారీ బండ్లకీ ఎలా ఉంది?

2020 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర ఏ బంకులో కొట్టించినా బీఎస్-6 (భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణం) డీజిలే. కార్లు, లారీల సంగతి చాలామంది రాశారు. ఇక్కడ చూసేది చీమకుర్తి గ్రానైట్ క్వారీల ఎక్స్‌కవేటర్లకీ, గుంటూరు కోల్డ్ స్టోరేజీల డీజీ సెట్లకీ (డీజిల్ జనరేటర్లకీ), భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద ఏరేటర్లు తిప్పే జనరేటర్లకీ ఇది ఎలా నప్పుతుందన్నది. సరుకు బాగుంది. దాన్ని మనం నిల్వ పెట్టే తీరే బాగోలేదు.

గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. బీఎస్-4లో ఇది 50, బీఎస్-3లో 350. వెయ్యి లీటర్లంటే ఇంచుమించు 830 కిలోలు. బీఎస్-3 రోజుల్లో అందులో 290 గ్రాముల దాకా గంధకం ఉండేది, ఇప్పుడు 8 గ్రాములే. ఆ గంధకమే కాలి, నీటి ఆవిరితో కలిసి ఆమ్లమై ఇంజన్ ఆయిల్ బలాన్ని తినేసేది, సైలెన్సర్‌ని లోపలి నుంచి తుప్పు పట్టించేది. ఆ బెడద చాలావరకు పోయింది. అలాగని ఆయిల్ మార్చే గంటలు పొడిగించకండి. మసి, దుమ్ము, ఆయిల్‌లోకి దిగే డీజిల్ ఎప్పటిలాగే ఉన్నాయి. నల్లపొగ కూడా ఇంధనం మారినంత మాత్రాన ఆగదు. ఎయిర్ ఫిల్టర్ పూడినా, నాజిల్ కారినా, సెట్ మీద లోడ్ ఎక్కువైనా పొగ వస్తూనే ఉంటుంది.

2023 జూలై నుంచి వచ్చిన సీపీసీబీ-4 ప్లస్ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పొగ ప్రమాణం) జనరేటర్లు కొన్నవాళ్లకి ఈ డీజిల్ తప్ప వేరే దారి లేదు. పెద్ద సెట్లలో 32.5 శాతం యూరియా ద్రావణంతో పనిచేస్తూ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించే ఎస్‌సీఆర్ ఉంటుంది. గంధకం ఎక్కువున్న ఇంధనం పోస్తే పొగగొట్టంలోని కెటలిస్ట్ మొద్దుబారిపోతుంది. బయోడీజిల్ అనో, ఇండస్ట్రియల్ ఆయిల్ అనో బిల్లు లేకుండా చవగ్గా తెచ్చిపోసే సరుకు జోలికి పోవద్దు. లీటరు మీద మిగిలింది కెటలిస్ట్ మార్పించడానికి చాలదు.

పాత ఇంజన్లలో గొడవ వేరు. గంధకం తీయడానికి హైడ్రోజన్‌తో శుద్ధి చేసినప్పుడు డీజిల్‌లోని ఆరోమాటిక్స్ అనే హైడ్రోకార్బన్లు కూడా కొంత తగ్గుతాయి. పాత డీజిల్‌కి ఉబ్బి ఉన్న నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు (సీళ్లు) దీనికి కుంచించుకుపోతాయి. ఫీడ్ పంప్ దగ్గరా, రోటరీ పంప్ షాఫ్ట్ దగ్గరా చెమ్మ కనిపిస్తుంది, గాలి లాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. సీళ్లు వైటాన్ రబ్బరువి వేయిస్తే తీరిపోతుంది. జారుడు గుణం తగ్గిందని ట్యాంకులో 2టీ (టూ-స్ట్రోక్ బండ్ల) ఆయిల్ పోసేవాళ్లున్నారు. అది అనవసరం. డీజిల్ రిఫైనరీ నుంచి బయటికి వచ్చేటప్పటికే ల్యూబ్రిసిటీ (జారుడు గుణం) పరీక్షలో అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకుండా అడిటివ్ కలిపి ఉంటుంది.

అసలు తంటా నీళ్లతో. నిబంధన ప్రకారం కిలో డీజిల్‌లో 200 మిల్లీగ్రాములకు మించి నీరు ఉండకూడదు, అంటే వెయ్యి లీటర్లకి ఒక గ్లాసు కూడా రాదు. మీ ట్యాంకు అడుగున బకెట్ నీళ్లు తేలాయంటే చాలావరకు మీ దగ్గర చేరినవే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు రాత్రి చల్లబడి తేమగాలి పీలుస్తుంది. చెరువు గట్టు మీద ఇది మరీ ఎక్కువ. నిలబెట్టిన డ్రమ్ము మూత మీద వాన నిలిచి మరలోంచి లోపలికి దిగుతుంది. నీరు, డీజిల్ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి గోధుమరంగు జిగురు కడతాయి. బీఎస్-6లో 7 శాతం దాకా బయోడీజిల్ కలపొచ్చు కాబట్టి, అది కలిసిన సరుకు నీటిని ఇంకాస్త పట్టి ఉంచుతుంది. లక్షణం ఒకటే: సెట్ స్టార్ట్ అవుతుంది, లోడ్ వేయగానే ఆర్‌పీఎం ఊగుతుంది, కాసేపటికి ఆగిపోతుంది, కొత్త ఫిల్టర్ వేస్తే మళ్లీ అదే కథ. అర్ధరాత్రి కరెంటు పోయిన రొయ్యల చెరువు మీద ఇది జరిగితే పంటే పోతుంది.

అందుకే డ్రమ్ముల్ని పడుకోబెట్టి, రెండు మూతలూ అడ్డంగా ఒకే ఎత్తులో, లోపలి డీజిల్‌లో మునిగి ఉండేలా పెట్టండి. ట్యాంకుకి డ్రెయిన్ వైపు వాలు ఇచ్చి, సక్షన్ పైపు అడుగుకి రెండు మూడు అంగుళాల పైన ఉంచండి. జింకు పూత ఉన్న ట్యాంకు వద్దు, జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి మడ్డి చేస్తుంది. వారానికోసారి గాజు సీసాలోకి డ్రెయిన్ పట్టి చూడండి. డిప్ రాడ్‌కి వాటర్ పేస్టు రాసి దింపితే రంగు మారినంత మేర నీళ్లున్నట్టు. జిగురు కనిపిస్తే ముందు నీళ్లు తీసి, తరవాతే బయోసైడ్ (సూక్ష్మజీవుల్ని చంపే మందు). నీళ్లు ఉంచి మందు పోస్తే డబ్బు దండగ.

బౌజర్‌లో (మీటరున్న డీజిల్ ట్యాంకరు బండిలో) గుమ్మం దగ్గరికి తెప్పించుకోవడం డ్రమ్ములు మోయించడం కన్నా వెయ్యి రెట్లు నయం. మీటర్ సున్నా నుంచి మొదలైందా, తూనికల శాఖ సీలు ఉందా చూడండి. 5 లీటర్ల కొలతలో 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. డెన్సిటీ హైడ్రోమీటర్‌తో చూసి 15 డిగ్రీలకు సరిచేస్తే, బిల్లు మీది అంకెకి 3 యూనిట్ల లోపు ఉండాలి. ఫిల్టర్ పేపర్ పరీక్ష పెట్రోల్‌కే, డీజిల్‌కి పనికిరాదు. 40 డిగ్రీల ఎండలో దించిన వెయ్యి లీటర్లు 25 డిగ్రీలకి చల్లారితే 12 లీటర్ల దాకా కుంచించుకుపోతాయి, దాన్ని దొంగతనం అనుకోవద్దు. ఈ డీజిల్‌లో కరెంటు సరిగా ప్రవహించదు, స్టాటిక్ పేరుకుంటుంది. హోస్ పెట్టకముందే ఎర్తింగ్ క్లిప్ తగిలించాలి, నాజిల్ అడుగు దాకా దింపాలి. లైసెన్సు లేకుండా మొత్తం 2500 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు, కాకపోతే ఏ ఒక్క పాత్రా 1000 లీటర్లు మించకూడదు.

బాయిలర్లకీ, థర్మిక్ ఫ్లూయిడ్ (వేడి నూనె) హీటర్లకీ ఇది శుభ్రంగా మండుతుంది గానీ ఖర్చు భరించలేం. స్టార్టప్‌కీ, స్టాండ్‌బైకీ చాలు.

ధర విషయంలో బంకుకీ బల్క్‌కీ (కంపెనీ నుంచి నేరుగా టోకున కొనే డీజిల్‌కీ) ఒకే రేటు అనుకోకండి. 2022 మార్చిలో బల్క్ డీజిల్‌ని లీటరుకి ఏకంగా 25 రూపాయలు పెంచితే ఫ్యాక్టరీల వాళ్లు బంకుల ముందు వరస కట్టారు. ఇండెంట్ (ఆర్డరు) పెట్టే రోజున రెండు రేట్లూ కనుక్కుని పెట్టండి.