అక్షరాల అలంకరణ యాప్: తెలుగు దుకాణానికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

నెల్లూరులో చీరల కొట్టు మొదలుకొని చేపల పులుసు పార్సిళ్లు పంపే ఇంటి వంటగది దాకా ఇన్‌స్టాగ్రామ్ పేజీ లేని వ్యాపారం ఇప్పుడు అరుదు. ఆ పేజీల పేర్లు చాలావరకు వంపులు తిరిగిన ఇంగ్లీషు అక్షరాల్లోనో, గళ్లలో బిగించిన అక్షరాల్లోనో కనిపిస్తుంటాయి. వేదాయపాళెంలో మగ్గం వర్కు చేసే మా వదిన పేజీ చూసుకునే పని నాది. ఆమెకూ అలాంటి పేరే కావాలనడంతో, స్టైలిష్ అక్షరాలు తయారుచేసే ఒక ఉచిత యాప్‌ను కొంతకాలం వాడి చూశాను. దాని పేరు చెప్పడం లేదు. ఈ రకం యాప్‌లూ వెబ్‌సైట్లూ ఒకే సరుకును వేర్వేరు పొట్లాల్లో కట్టి ఇచ్చేవే కాబట్టి, ఇక్కడ రాసింది దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది.

వాడకం సులువే. పైనున్న పెట్టెలో పేరు టైపు చేస్తే, కింద అదే పేరు పదుల కొద్దీ రూపాల్లో వరుసగా వస్తుంది. నచ్చినదాన్ని కాపీ చేసి బయోలో పేస్ట్ చేసుకోవడమే. మధ్యమధ్యలో తెరంతా కమ్మేసే ప్రకటన ఒకటి వచ్చి, మూసే గుర్తు ఎక్కడుందో వెతికిస్తుంది. ఉచిత యాప్ కనుక అంతమాత్రం ఓర్చుకోవచ్చు.

అసలు చిక్కు మరొకటి. యాప్ వీటిని ఫాంట్లు అంటుంది గానీ ఇవి ఫాంట్లు కావు; ఫాంటు మారితే అక్షరం అదే ఉండి రూపం మాత్రమే మారుతుంది. గణితంలో మామూలు అక్షరానికీ, ముద్దక్షరానికీ (బోల్డ్), రాతక్షరానికీ (స్క్రిప్ట్) వేర్వేరు అర్థాలుంటాయి కనుక, ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు కేటాయించే పట్టిక యూనికోడ్‌లో, 2001లో వచ్చిన 3.1 కూర్పులో అటువంటి గుర్తుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం చేర్చారు. వెయ్యికి కాస్త తక్కువగా ఉన్న ఆ గుర్తులు రోమన్, గ్రీకు అక్షరాలకూ అంకెలకూ మాత్రమే చెందినవి. యాప్ చేసేదల్లా మనం టైపు చేసిన ఇంగ్లీషు అక్షరాన్ని తీసేసి, దాన్ని పోలిన గణిత గుర్తును ఆ చోట కూర్చోబెట్టడం. ఆ పట్టికలో తెలుగు అక్షరాలు లేవు. అందుకే పెట్టెలో తెలుగులో పేరు రాస్తే, వంపుల వరుసలోనూ ముద్దక్షరాల వరుసలోనూ అది రాసింది రాసినట్టే బయటికొస్తుంది.

తెలుగు మీద ప్రభావం చూపే వరుసలూ కొన్ని ఉన్నాయి; అవి లేకపోయినా బాగుండేది. ‘తిరగేసిన అక్షరాలు’ అనే వరుసలో నెల్లూరు అని ఇస్తే, ముందు ఆధారం లేని ఒక కొమ్ము చుక్కల సున్నాకు వేలాడుతూ వచ్చి, దాని వెనుక ‘రూల్లెన’ అని వస్తుంది. ఒంగోలు అయితే కొమ్ము తర్వాత ‘లోగంఒ’ అవుతుంది. గుణింతపు గుర్తును యాప్ విడి అక్షరంగా లెక్కబెట్టి వెనకనుంచి పేర్చడంతో, రు లోని కొమ్ము ముందుకు ఎగిరి, లూ లోని దీర్ఘం ర కు అతుక్కుంది. లకారపు వత్తు మాత్రం అటునుంచి చూసినా ఇటునుంచి చూసినా ఒకటే కనుక బతికిపోయింది. అక్షరాల మీద గీత కొట్టే వరుసలోనూ ఇదే అవస్థ: ప్రతి గుర్తు తర్వాతా ఒక గీతను చొప్పించడంతో వత్తులూ గుణింతాలూ విడిపోతాయి.

ఇంగ్లీషులో రాసుకున్నా దుకాణానికి కలిగే నష్టం చిన్నది కాదు. కొనేవారు పేరును మామూలు అక్షరాల్లోనే టైపు చేసి వెతుకుతారు. గణిత గుర్తులను మామూలు అక్షరాలుగా భావించి చూపించే ఏర్పాటు అన్ని చోట్లా ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ యూజర్‌నేమ్‌లో మామూలు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోరు తప్ప మరేమీ చెల్లవు గనుక అది భద్రమే. పైన కనిపించే పేరును మాత్రం 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు గనుక, ప్రయోగాలన్నీ వేరే చోట చేసుకోవడం మేలు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) చందా కట్టని ఖాతాల పోస్టుకు 280 అక్షరాల పరిమితి ఉండగా, ఈ అలంకార అక్షరం ఒక్కొక్కటి రెండుగా లెక్కకు వస్తుంది. మన తెలుగు అక్షరమూ గుణింతపు గుర్తూ ఒక్కటిగానే వస్తాయి. పాత ఫోన్లలో ఆ పేరు స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపించే అవకాశమూ ఉంది.

చూపులేని వారి ఇబ్బంది ఇంతకన్నా పెద్దది. వారి ఫోన్లో తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడరు ఇటువంటి పేరు దగ్గరికి వచ్చేసరికి, కొన్నిచోట్ల ‘మ్యాథమేటికల్ బోల్డ్ స్క్రిప్ట్ కేపిటల్’ అంటూ ఒక్కో అక్షరానికీ బిరుదులు చదువుతుంది, కొన్నిచోట్ల ఏమీ పలకకుండా దాటేస్తుంది. చిరునామానూ పనివేళలనూ ఇలా రాసిన పేజీలు మన ఊళ్లోనే చూశాను. అది అలంకారం కాదు, అడ్డుగోడ.

యాప్‌లో పనికొచ్చినవి నక్షత్రాలు, తీగలు, అడ్డగీతల వరుసలు. రెండు వరుసల మధ్య ఒక చిన్న తీగ పెడితే వదిన బయో నిజంగానే ముచ్చటగా ఉంది. ఆటల్లో పేరు పెట్టుకునే పిల్లలకైతే మొత్తం యాప్ పండగే, వారి పేరును ఎవరూ వెతికి బ్లౌజు కుట్టించుకోరు కదా.

తెలుగుకు నప్పే దారులు వేరే ఉన్నాయి. వాట్సాప్‌లో మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే ముద్దగా, అండర్‌స్కోరు పెడితే వాలుగా, టిల్డె (~) పెడితే కొట్టివేతగా మారుతుంది. అక్కడ అక్షరం మారదు, దాని రూపమే మారుతుంది గనుక ‘మగ్గం వర్కు’ అన్న మాటలో వత్తులు ఎక్కడివక్కడే నిలుస్తాయి. పోస్టరు చేయాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, సురవరం, మండలి వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు లావుపాటి రామభద్ర, ధరల పట్టికకు సన్నని మండలి వాడాను. మావాళ్లలో పెద్దవారు కూడా కళ్లజోడు సవరించుకోకుండా చదివారు. అయితే బొమ్మలోని రాత వెతుకులాటకు అందదు కనుక, ఆ వివరాలనే బొమ్మ కింద మామూలు తెలుగులో మళ్లీ రాయాలి.

యాప్‌తో పాటు వచ్చే కీబోర్డును మాత్రం పెట్టుకోవద్దని నా సలహా. దాన్ని ఆన్ చేసేటప్పుడు, పాస్‌వర్డులూ కార్డు నంబర్లతో సహా టైపు చేసేదంతా ఇది సేకరించవచ్చని ఆండ్రాయిడే హెచ్చరిస్తుంది. ఫోన్‌పేతో డబ్బు తీసుకునే దుకాణం ఫోనులో అంత సాహసం అనవసరం. ప్రకటనలు తీసేయడానికి అడిగే చందా కూడా దండగే. ఇవే గుర్తులు ఏ బ్రౌజరులోనైనా పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి.