పాత లారీ ఆర్పీఎం మీటర్: బాగు చేయించాలా, కొత్తది వేయించాలా?

మొన్న మిర్చి సీజన్లో మా బాపు కొన్న పాత లారీ మొరాయించింది. ఇంజను కాదు, ఆర్పీఎం మీటర్, అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపేది. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు దించి వస్తుంటే ముల్లు కాసేపు వణికి, కాజీపేట దాటేసరికి సున్నా మీద పడిపోయింది. ఎలక్ట్రీషియన్ తమ్ముడు చూసీ చూడంగనే "మీటర్ ఖతమైందన్నా, కొత్తది ఏస్త" అన్నడు. ఆగమన్నా.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్ ఉండవు. మా బండిలో మీటర్‌కు సిగ్నల్ వచ్చేది కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనక 'డబ్ల్యూ' అని రాసి ఉన్న టెర్మినల్ నుంచి. మనోళ్లు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటరు. అక్కడి వైరు ఊడినా, డబ్ల్యూ లేని ఆల్టర్నేటర్ బిగించినా, కొత్త మీటర్ కూడా సున్నా దగ్గరే కూర్చుంటది. అందుకే ముందు ఇంజను ఆన్‌లో పెట్టి, మల్టీమీటర్‌ను ఏసీలో ఉంచి ఆ టెర్మినల్ చూపించిన. వోల్టేజీ వస్తుంది. ఎర్త్ గీకి బిగించినం, ముల్లు లేవలేదు. రోగం మీటర్లోనే అని అప్పుడు తేలింది.

కొత్తది సికింద్రాబాద్ రాణీగంజ్‌లో వెతికితే దొరుకుతది. కానీ కార్ల కోసం చేసిన మీటర్లకు స్కేలు 8,000 దాకా ఉంటది. మన లారీ 3,000 దాటదు. డయల్‌లో సగం కూడా వాడుకోం, మిగతాదంతా అలంకారం. డీజిల్ మీటరే తెచ్చినా 12 వోల్టులా 24 వోల్టులా చూడాలె, ఆల్టర్నేటర్ లెక్కకు సెట్ చేయాలె. 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్నదైతే దాని ఒక చుట్టుకు 6 పల్సులు, అంటే 6 సార్లు సిగ్నల్. ఇంజను ఒక్కసారి తిరిగితే అది రెండున్నర సార్లు తిరుగుతదనుకుంటే మొత్తం 15. ఈ అంకె తప్పు పెడితే ముల్లు అందంగా అబద్ధం చెప్తది.

స్క్రాప్‌లో తెచ్చిన మీటర్‌ది మన మీటర్ వయసే, దాని రోగమూ ఇదే కావొచ్చు. అద్దానికో ముల్లుకో కొనొచ్చు, అంతే.

నేను బాగు చేయించుడే మేలనుకున్న. టీవీలు రిపేరు చేసే బావ దగ్గర విప్పించినం. వెనక పిన్ను చుట్టూ టంకం మీద వెంట్రుకంత గుండ్రటి పగులు. భూతద్దం పెడితేగాని కనపడలేదు. మళ్లీ టంకం వేసి, ఉబ్బిన కెపాసిటర్ మార్చిండు. ముల్లును తిప్పే కాయిల్ కాలిపోయి ఉంటే మాత్రం కొత్తదానికే పోయేవాణ్ని.

బిగించినంక క్రాంక్ పుల్లీకి మెరిసే టేపు ముక్క అంటించి, చుట్లు కొలిచే చేతి టాకోమీటర్‌తో చూసినం. అది 650 అంటే మాది 700 అంటుంది. బోర్డు మీద సరిచేసే స్క్రూ ఉంది గానీ, మళ్లీ విప్పాలంటే బావ చాయ్ అడుగుతడు. యాభై ఎక్కువ చూపుతదని గుర్తుంచుకుని నడుపుతున్న.