అణువుల ఆకారాలకు మోడల్ కిట్: ఏళ్ల తరబడి క్లాసులో వాడాక

కావలిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. రంగు బంతులు, పుల్లలు ఉండే ప్లాస్టిక్ మోడల్ కిట్‌ను చాలా ఏళ్లుగా క్లాసుకు తీసుకెళ్తున్నాను. కొనాలా వద్దా అని అడిగే తోటి లెక్చరర్లకు కొనమనే చెబుతాను. కాకపోతే ఐదు, ఆరు రంధ్రాల బంతులు, లోన్ పెయిర్ (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంట) చూపడానికి రెక్కలు ఉన్న సెట్టే తీసుకోండి. నల్ల కార్బన్ బంతులతో నింపేసిన ఆర్గానిక్ సెట్టు ఈ పాఠానికి చాలదు.

కిట్ విలువ తెలిసేది సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్ దగ్గర. సల్ఫర్ చుట్టూ ఐదు ఎలక్ట్రాన్ జంటలు: నాలుగు బాండ్ పెయిర్లు (బంధాల్లో ఉన్న జంటలు), ఒక లోన్ పెయిర్. ఆ లోన్ పెయిర్ పైన ఉంటుందా, నడుము దగ్గరా? బోర్డు మీద గీసి చెబితే పిల్లలు తలూపుతారు గానీ బుర్రకెక్కదు. అందుకే ఐదు రంధ్రాల బంతి (పైన, కింద ఒక్కోటి, నడుము చుట్టూ మూడు) చేతికిచ్చి, రెక్కను పై రంధ్రంలో పెట్టమంటాను. దానికి 90 డిగ్రీల్లో ఎన్ని పుల్లలున్నాయి? మూడు. తీసి నడుము రంధ్రంలో పెడితే రెండే. జంటల మధ్య వికర్షణ ఎక్కడ తక్కువో ఇక వాళ్లే చెప్పేస్తారు. ఆ తర్వాత క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ 'టీ' ఆకారం ఎందుకొచ్చిందో నేను నోరు విప్పక్కర్లేదు.

లోపం కూడా చిన్నదేం కాదు. నాలుగు రంధ్రాల బంతికి కోణాలన్నీ 109.5 డిగ్రీలే. అమ్మోనియాలో 107, నీటిలో 104.5 అని నోటితో చెప్పాల్సిందే, మోడల్‌లో కనపడదు. లోన్ పెయిర్ ఎక్కువ చోటు ఆక్రమించి బాండ్ పెయిర్లను దగ్గరికి నెడుతుందన్నది 1957లో రసాయన శాస్త్రవేత్తలు గిలెస్పీ, నైహోమ్ చెప్పిన ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతానికి ప్రాణం. కిట్ దాన్నే దాచేస్తుంది. ఆ రోజుకి నేను బెలూన్లు తీసుకెళ్తాను. నాలుగింటిని మూతుల దగ్గర కలిపి ముడేస్తే వాటంతటవే చతుర్ముఖీయంగా సర్దుకుంటాయి. ఒకదాన్ని పెద్దగా ఊది కడితే మిగతా మూడూ దగ్గరికి జరుగుతాయి.

హైబ్రిడైజేషన్ (పరమాణువులోని ఎస్, పి, డి ఆర్బిటాళ్లు కలిసిపోతాయంటూ ఆకారాన్ని వివరించే పద్ధతి) విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ముందు జంటలు లెక్కపెట్టాలి, ఆకారం చేతిలో చూడాలి, ఎస్‌పి3, ఎస్‌పి3డి లాంటి పేర్లు ఆ తర్వాతే. పోటీ పరీక్షల టెన్షన్‌లో పిల్లలు పేరు బట్టీపట్టి ఆకారం ఊహిస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌లో కోణం సుమారు 92 డిగ్రీలు. అక్కడ 109.5 దగ్గర ఉండాల్సిన ఎస్‌పి3 అంటే పొసగదని నేను దాచకుండా చెబుతాను. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో డి ఆర్బిటాళ్ల పాత్ర చాలా తక్కువని ఇప్పటి లెక్కలు చెబుతున్నాయి. అయినా పరీక్షలో ఎస్‌పి3డి2 అనే రాయమంటాను, మార్కులు పోగొట్టుకోకూడదు కదా.

మన్నిక సంగతికొస్తే, బంతులు బాగానే ఉన్నాయి. డబుల్ బాండ్‌కు వాడే వంగే పుల్లలు తెల్లబారి విరుగుతాయి, రెక్కల రంధ్రాలు వదులవుతాయి. తర్వాత విడిగా పుల్లలు దొరకడం కష్టం, కిట్‌తో పాటే అదనంగా ఒక ప్యాకెట్ తెప్పించుకోండి.