తేదీ వెనుక కారణం చెప్పే పుస్తకం: ఒక దినోత్సవాల సంకలనంపై సమీక్ష

చంద్రగిరి వైపు ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. ఉదయం ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు అయ్యాక ‘ఈ రోజు ప్రత్యేకత’ చెప్పించే బాధ్యత రెండేళ్లుగా నాదే. మొదటి ఏడాది సెల్‌ఫోన్‌లో వచ్చే సందేశాలను నమ్ముకున్నాను. ఒకే దినోత్సవానికి మూడు తేదీలు కనిపించేవి, ఆ రోజే ఎందుకన్న ప్రశ్నకు మాత్రం ఎక్కడా సమాధానం దొరికేది కాదు. నిరుడు వేసవి సెలవుల చివర తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక పుస్తకాల దుకాణంలో జాతీయ, అంతర్జాతీయ దినోత్సవాల సంకలనం ఒకటి కనబడితే, అరగంట నిలబడే చదివి, 120 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. విద్యా సంవత్సరమంతా ప్రతిరోజూ వాడిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ పుస్తకం జనవరితో కాక జూన్‌తో మొదలవుతుంది. బడి తెరిచే నెల నుంచి సెలవులిచ్చే నెల వరకు పేజీలు వరుసగా నడుస్తాయి కాబట్టి ఉపాధ్యాయులకు ఇంతకన్నా సౌకర్యమైన అమరిక లేదు. పోటీ పరీక్షలకు చదివేవారికి మాత్రం ఇది ఇబ్బందే, ఎందుకంటే చివర అకారాది సూచిక లేదు. మే నెలను రెండు పేజీలతో ముగించారు. 1998 నాటి పోఖ్రాన్ అణుపరీక్షలకు గుర్తుగా మే 11న జరుపుకొనే జాతీయ సాంకేతిక దినోత్సవానికి ఒక్క వాక్యమే దక్కింది.

ఈ సంకలనం విలువంతా ‘ఈ తేదీయే ఎందుకు’ అన్న శీర్షికలో ఉంది. మార్చి 3 ప్రపంచ వన్యప్రాణి దినోత్సవమని చాలా పుస్తకాలు చెబుతాయి. 1973లో అదే తేదీన, ప్రమాదంలో ఉన్న జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంపై వాషింగ్టన్‌లో సంతకాలు జరిగాయనీ, ఆ కారణంగానే ఐక్యరాజ్యసమితి 2013లో ఈ రోజును ఎంచుకుందనీ ఈ పుస్తకం వివరంగా చెబుతుంది. ఆ పేజీని ఎనిమిదో తరగతి అమ్మాయి చదువుతుండగా, ఆ ఒప్పందపు రెండో అనుబంధంలో ఎర్రచందనం కూడా ఉందని నేను చెప్పాను. వెనుక వరుసలోని అబ్బాయి చెయ్యెత్తి, ‘సార్, మన కొండమీద చెట్టుకా?’ అని అడిగాడు. ఆ పిల్లలు రోజూ చూసేది శేషాచలం కొండలనే, ఎర్రచందనం దుంగలు పట్టుబడిన వార్తలు వాళ్ళ ఇళ్లలో తరచుగా వినబడేవే. పట్టుబడ్డ దుంగను లారీలో చూసిన పిల్లలకు, ఆ చెట్టు కోసం దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయని తెలియడం వేరే అనుభవం. ఆ రోజు మొదటి పీరియడ్ మొత్తం ఆ చెట్టు గురించే గడిచింది. తేదీ, పేరు చదివి ఊరుకుంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

ఫిబ్రవరి 28 పేజీ కూడా బాగుంది. జాతీయ సైన్సు దినోత్సవం సి.వి.రామన్ పుట్టినరోజని పొరబడేవారు ఉపాధ్యాయులలోనూ ఉన్నారు. ఆయన పుట్టింది నవంబరు 7న. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్ని కనుగొన్నందుకు గుర్తుగా 1987 నుంచి ఆ రోజును జరుపుకుంటున్నామని పుస్తకం స్పష్టంగా రాసింది. కాంతి ఒక పదార్థం గుండా పోతూ చెదిరినప్పుడు అందులో కొంత భాగం తరంగదైర్ఘ్యం మారుతుందన్న విషయాన్ని పిల్లలకు అర్థమయ్యే తెలుగులో చెప్పారు. ఇదే పేజీలో మన ప్రాంతపు మాట ఒకటి చేర్చి ఉంటే ఎంతో బాగుండేది. 1919లో సరిగ్గా ఫిబ్రవరి 28నే రవీంద్రనాథ్ ఠాగూర్, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉండగా, జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. రోజూ ఆ గీతం పాడే పిల్లలకు ఈ సంగతి చెప్పకుండా ఉండలేక, పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.

సెప్టెంబరు 5 విషయంలో సంకలనకర్తలు ఇంకొంచెం శ్రద్ధ పెట్టవలసింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ తమిళనాడులోని తిరుత్తణిలో పుట్టారని రాసి వదిలేశారు. ఇప్పటి పటం ప్రకారం అది నిజమే. కానీ తిరుత్తణి 1960లో సరిహద్దుల మార్పిడి జరిగేదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తాలూకా అని, రాధాకృష్ణన్ చిన్నతనంలో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకున్నారని ఒక్క వాక్యం చేర్చితే, ఈ జిల్లాల పిల్లలకు ఆయన ఫొటోలోని పెద్దమనిషిగా కాక తమ వీధుల్లో నడిచిన విద్యార్థిగా కనిపించేవారు. అంతకన్నా పెద్ద లోపం, అక్టోబరు 5న వచ్చే ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం పుస్తకంలో లేకపోవడం. ఉపాధ్యాయుల హోదాపై 1966లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి ఆమోదించిన సిఫారసుకు గుర్తుగా 1994 నుంచి దాన్ని జరుపుతున్నారు. మన పండుగ ఒక వ్యక్తి మీది గౌరవంతో వచ్చింది, అది ఉపాధ్యాయుల హక్కులు, బాధ్యతల పత్రంతో వచ్చింది. ఈ రెండింటి తేడా చెప్పడం పదో తరగతి పిల్లలకు మంచి పాఠం అవుతుంది.

నన్ను నిజంగా బాధపెట్టింది ఆగస్టు 29 పేజీ. ఆ తేదీన ధ్యాన్‌చంద్ జయంతి సందర్భంగా జాతీయ క్రీడా దినోత్సవం ఉంది, 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి జయంతి సందర్భంగా తెలుగు భాషా దినోత్సవమూ ఉంది. పుస్తకం మొదటిదానికి బొమ్మతో సహా పేజీన్నర ఇచ్చి, రెండోదాన్ని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యంతో సరిపెట్టింది. ధ్యాన్‌చంద్‌ను తగ్గించమని నేననను. కానీ మాట్లాడే తెలుగులో పుస్తకాలు రాయవచ్చని వాదించి గెలిచిన మనిషి గురించి, సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించిన మనిషి గురించి, తెలుగులో అచ్చయిన పుస్తకమే ఇంత పొదుపుగా మాట్లాడటం నాకు నచ్చలేదు.

తప్పులు కూడా ఉన్నాయి. జాతీయ బాలికా దినోత్సవం జనవరి 24న, అంతర్జాతీయ బాలికా దినోత్సవం అక్టోబరు 11న వస్తాయి. పుస్తకంలో ఇవి తారుమారయ్యాయి. దాన్ని నమ్మి అక్టోబరులో మైకు ముందు తప్పు చెప్పించాను. మరునాడు సరిదిద్ది చెప్పించినా, మొదట విన్నదే పిల్లల మనసులో నిలుస్తుందేమోనన్న దిగులు ఇప్పటికీ ఉంది. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండరు 2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగినందుకు జరిపే జాతీయ అంతరిక్ష దినోత్సవాన్ని కొత్తగా చేర్చడం మెచ్చుకోదగినదే. అయితే ఆ నౌకను ప్రయోగించిన శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉందని రాశారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడే శ్రీహరికోట ఇందులో చేరింది.

కాగితం, అచ్చు, అక్షరాల పరిమాణం బాగున్నాయి. అట్ట మాత్రం దసరా సెలవుల నాటికే ఊడింది, లోపలి పేజీలను నేనే దారంతో కుట్టుకున్నాను. రోజూ చేతులు మారే పుస్తకానికి జిగురు బైండింగు చాలదు.

ప్రాథమిక, ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు దీన్ని కొనవచ్చనే నా అభిప్రాయం, బాలికా దినోత్సవాల తేదీలు ముందుగా దిద్దుకుంటే సరి. పోటీ పరీక్షల అభ్యర్థులు సూచికతో కూడిన ముద్రణ వచ్చేదాకా ఆగడం మంచిది. నేను గమనించిన తప్పులన్నీ రెండు కాగితాలపై రాసి, పుస్తకం వెనుక అట్టమీదున్న ప్రచురణకర్తల చిరునామాకు ఏప్రిల్‌లో పోస్టు చేశాను. జూన్‌లో మళ్ళీ గాంధీ రోడ్డుకు వెళ్లి, కొత్త ముద్రణలో ముందుగా అక్టోబరు 11, ఆగస్టు 29 పేజీలు తెరిచి చూస్తాను.