పిట్టి త్యాగరాయ శెట్టి గారి మద్రాసు చూశాం, టీ నగర్ లాడ్జితో మాత్రం జాగ్రత్త

టీ నగర్‌లో, అంటే త్యాగరాయ నగర్‌లో, రూమ్ తీసుకునేవాళ్ళు చెక్ అవుట్ టైమ్ మెసేజ్‌లో రాయించుకోండి. మాకు ఫోన్లో 24 గంటలు అన్నాడు, 2,400. సాయంత్రం నాలుగింటికి దిగితే మర్నాడు పన్నెండు కొట్టగానే తలుపు బాది ఇంకో రోజు కట్టమన్నాడు. వేడినీళ్ళు ఎనిమిది దాటితే రావు, ఎక్స్‌ట్రా దుప్పటికి 100, అదీ ముక్కిపోయిన వాసన. మా ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. గొడవపడి 1,000కి తెగ్గొట్టాం, బిల్లు అడిగితే చిత్తుకాగితం మీద రాసిచ్చాడు. మావయ్య అయితే కౌంటర్ దగ్గరే "ఈ నగర్ ఎవరి పేరో తెలుసా నీకు" అని మొదలెట్టాడు.

అసలు వెళ్ళిందే మావయ్య కోసం. చీరాలలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి, త్యాగరాయ శెట్టి అంటే ప్రాణం. 1852లో తెలుగు దేవాంగుల ఇంట పుట్టి, మద్రాసులో నేత ఫ్యాక్టరీ నడిపి, 1882 నుంచి కార్పొరేషన్‌లో ఉండి దానికే ప్రెసిడెంట్ అయ్యారు. 1916లో టీఎం నాయర్‌తో కలిసి బ్రాహ్మణేతరుల కోసం జస్టిస్ పార్టీ పెట్టారు, 1920 ఎలక్షన్ గెలిచాక గవర్నర్ పిలిచి ముఖ్యమంత్రివి కమ్మంటే నాకొద్దని సుబ్బరాయలు రెడ్డియార్‌ని కూర్చోబెట్టారు. ఈ రోజుల్లో వార్డు మెంబర్ సీటైనా వదులుతారా అని గూడూరు దాకా మావయ్యది ఇదే పాట.

సెంట్రల్ స్టేషన్ పక్కనే కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్, ముందు ఆయన విగ్రహం, ఆ పక్కనే పార్టీకి పునాది పడ్డ విక్టోరియా హాల్. నడిచే వెళ్ళొచ్చు. టీ నగర్‌లో పానగల్ పార్క్ కూడా మన కాళహస్తి వైపు రాజావారి పేరే, కానీ షాపింగ్ జనంలో నిలబడే చోటు లేదు, నాకైతే నచ్చలేదు.

నచ్చింది పాత వాషర్‌మెన్‌పేట వైపు. మెట్రో స్టేషన్‌కే త్యాగరాయ కాలేజ్ అని పేరు. బయట చిన్న మెస్‌లో భోజనం 90, చేపల పులుసు విడిగా 60. మావయ్య తెలుగులో అడిగితే వడ్డించేతను తెలుగులోనే బదులిచ్చి, వద్దన్నా రసం పోస్తూనే ఉన్నాడు, అప్పటికి మా ఆవిడ కూడా నవ్వింది. 1920లో శెట్టి గారి కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టింది, పిల్లాడికి రోజుకి అణా మించకుండా. అది చెప్తూ మావయ్య బిల్లు నన్ను కట్టనివ్వలేదు.

మేమైతే ఈసారి సెంట్రల్ దగ్గరే దిగుతాం. ఆటో బేరాలు పెట్టుకోకండి, టీ నగర్‌కి 400 అడిగారు, యాప్‌లో 210.